కమ్యూనిటీ కాలేజ్ నుంచి ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్‌కి ట్రాన్స్‌ఫర్ అవ్వడం ఎలా: యూనిట్లు, ఏడాదీ వేస్ట్ కాకుండా

"అన్నా, కమ్యూనిటీ కాలేజ్‌లో రెండేళ్ళు చేసి యూనివర్సిటీలో ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్‌కి మారొచ్చంటగా, ఏం కోర్సులు తీస్కోవాలి?" ఇదే ప్రశ్న, మాటలు కాస్త అటూ ఇటూ మార్చి, నన్ను అడుగుతూనే ఉన్నారు. అడిగేవాళ్ళలో సగంమంది హైస్కూల్ అయిపోయి యూనివర్సిటీ ఫీజులు చూసి గుండె జారినవాళ్ళు, మిగతా సగం ఇండియాలో బీటెక్ మధ్యలో వదిలేసి అమ్మానాన్నలతో అమెరికా వచ్చి మళ్ళీ మొదట్నుంచి మొదలుపెడ్తున్నవాళ్ళు. అందుకే ఒకేచోట రాసేస్తున్నా.

మారొచ్చు. నేనూ అలా మారినోణ్ణే. కానీ ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. "ఈ కోర్సు ట్రాన్స్‌ఫర్ అవుతుంది" అని కౌన్సిలర్ అంటే ఆ యూనిట్లు, అంటే క్రెడిట్లు, యూనివర్సిటీ లెక్కలోకి వస్తాయని మాత్రమే అర్థం. మీ మేజర్‌లో అడిగిన కోర్సు స్థానంలో అది కూర్చుంటుందా లేదా అనేది పూర్తిగా వేరే సంగతి. కూర్చోకపోతే ఎలెక్టివ్ (మేజర్ లెక్కలోకి రాని అదనపు కోర్సు) కింద పడేస్తారు, మీరు అదే సబ్జెక్ట్ మళ్ళీ యూనివర్సిటీ ఫీజు కట్టి చదవాలి. నాకు తెలిసినవాళ్ళలో అడ్మిషన్ రాక ఏడ్చినవాళ్ళకంటే, అడ్మిషన్ వచ్చి, వెళ్ళాక ఏడాది పోగొట్టుకున్నవాళ్ళే ఎక్కువ.

ఇదంతా కాలిఫోర్నియా లెక్కన రాస్తున్నా, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి. టెక్సస్ వాళ్ళకి చివర్లో నాలుగు ముక్కలు ఉన్నాయి.

మొదలుపెట్టే ముందు దగ్గర ఉండాల్సినవి

మీరు చదివిన ప్రతీ కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్, అన్‌అఫీషియల్‌ది అయినా పర్లేదు. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజ్ స్థాయి పరీక్షలు) రాసుంటే ఆ స్కోర్లు. ఒక స్ప్రెడ్‌షీట్. ప్రతీ కోర్సు సిలబస్ పీడీఎఫ్ దాచుకోడానికి ఒక ఫోల్డర్, దీన్ని మాత్రం నవ్వి వదిలెయ్యకండి, ఎందుకో చివర్లో తెలుస్తుంది. ఇండియాలో ఒక్క సెమిస్టర్ బీటెక్ చదివినా ఆ మార్కుల మెమోలు కూడా కావాలి.

ఇక్కడ మనవాళ్ళు తరచూ తడబడే చోటు ఒకటుంది. మనకి ఇంటర్ అంటే జూనియర్ కాలేజ్, ఇక్కడ జూనియర్ కాలేజ్ అంటే కమ్యూనిటీ కాలేజ్. అప్లికేషన్‌లో "చదివిన కాలేజీలు" అని అడిగిన దగ్గర ఇంటర్ పెట్టేస్తారు కొందరు. ఇంటర్ ఇక్కడి లెక్కలో హైస్కూలే, అది ఆ సెక్షన్‌లోకి వెళ్తుంది. దానికి రివర్స్‌లో, బీటెక్ ఫస్టియర్‌లో బ్యాక్‌లాగ్స్ ఉన్నాయని ఆ ఏడాదినే దాచేసేవాళ్ళు ఉంటారు. అది చాలా డేంజర్. చదివిన ప్రతీ కాలేజీ చెప్పి తీరాలి, తర్వాత బయటపడితే ఇచ్చిన అడ్మిషన్ వెనక్కి తీస్కుంటారు.

1. ముందు యూనివర్సిటీలు ఎంచుకోండి, కోర్సులు తర్వాత

అందరూ తలకిందులుగా చేస్తారు, ముందు కోర్సులు తీస్కుని తర్వాత ఎక్కడికెళ్ళాలా అని చూస్తారు. ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ కంప్యూటర్ సైన్స్‌లాగా ప్రతీ క్యాంపస్‌లో దొరికే మేజర్ కాదు. యూసీల్లో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు) బర్క్‌లీలో ఉంది, అక్కడ దాని పేరు ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ అండ్ ఆపరేషన్స్ రీసెర్చ్. సీఎస్‌యూల్లో (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లు) శాన్ హోసే స్టేట్‌లో ఇండస్ట్రియల్ అండ్ సిస్టమ్స్ ఇంజనీరింగ్ పేరుతో ఉంది, కాల్ పాలీ శాన్ లూయిస్ ఒబిస్పో, కాల్ పాలీ పొమోనా, ఈస్ట్ బేలో ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ అనే ఉంటుంది.

పేరు పూర్తిగా చదవండి. ఇండస్ట్రియల్ టెక్నాలజీ వేరు, మాన్యుఫాక్చరింగ్ ఇంజనీరింగ్ వేరు. కాల్ పాలీ శాన్ లూయిస్ ఒబిస్పోలో ఇండస్ట్రియల్ టెక్నాలజీ అండ్ ప్యాకేజింగ్ అని ఒకటుంది, అది బిజినెస్ కాలేజ్ కిందకొస్తుంది, మంచి కోర్సే కానీ మీరు అడిగింది అది కాదు కదా. డ్రాప్‌డౌన్‌లో తొందరపడి క్లిక్ కొట్టేవాళ్ళు ఉంటారు. ప్రోగ్రామ్‌కి అబెట్ (ఇంజనీరింగ్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే సంస్థ) అక్రెడిటేషన్ ఉందో లేదో అబెట్ సైట్‌లో ఒకసారి చూస్కోండి, రెండు నిమిషాల పని.

ట్యాగ్ గురించి అడుగుతారు కదా, అంటే యూసీ గ్యారంటీ అడ్మిషన్. అది డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ ఈ ఆరింటికే. బర్క్‌లీ అందులో లేదు. కాబట్టి ఇండస్ట్రియల్‌కి ట్యాగ్ పనికిరాదు, కావాలంటే మెకానికల్ లాంటి వేరే మేజర్‌తో బ్యాకప్‌గా వాడుకోవచ్చు, అదీ ఆ ఏడాది ఆ క్యాంపస్ ట్యాగ్ లిస్టులో ఆ మేజర్ ఉంటేనే. సెప్టెంబర్ 1 నుంచి 30 లోపే పెట్టాలి.

2. అసిస్ట్‌లో అగ్రిమెంట్ తీసి, కూర్చుని చదవండి

అసిస్ట్ డాట్ ఆర్గ్. కాలిఫోర్నియాలో ఏ కమ్యూనిటీ కాలేజ్ కోర్సు ఏ యూసీ, సీఎస్‌యూ కోర్సుకి సమానమో చెప్పే అధికారిక సైట్ ఇదే. మీ కాలేజ్ ఎంచుకుని, వెళ్ళాలనుకున్న యూనివర్సిటీ ఎంచుకుని, "మేజర్" మీద నొక్కి ఇండస్ట్రియల్ తెరవండి. ఎడమవైపు యూనివర్సిటీ కోర్సు, కుడివైపు మీ కాలేజ్ కోర్సు కనపడతాయి.

చదవడంలో జరిగే తప్పులు ఇవి. కుడివైపు రెండు కోర్సుల మధ్య "అండ్" ఉంటే రెండూ చేస్తేనే ఎడమవైపు ఒక్కటి వస్తుంది, ఒకటి చేసి వదిలేస్తే ఏమీ రాదు. "ఆర్" ఉంటే ఏదో ఒకటి చాలు. "నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్" అని ఉంటే ఆ కోర్సుకి సమానమైంది మీ కాలేజ్‌లో లేదని, పక్క కాలేజ్‌లో ఉండొచ్చు, అక్కడ సమ్మర్‌లో ఆ ఒక్కటీ తీస్కోవచ్చు. పైన అకడమిక్ ఇయర్ అని ఉంటుంది, మీరు ఆ కోర్సు చదివే సంవత్సరానికి ఏది వర్తిస్తుందో చూడాలి, పాతది ప్రింట్ తీస్కుని రెండేళ్ళు అదే పట్టుకు తిరగొద్దు.

ఇంకోటి, అసిస్ట్‌లో ప్రధానంగా ఉండేది కోర్సుకి కోర్సు సమానత్వమే, అడ్మిషన్‌కి ఏవి తప్పనిసరి, ఏవి "ఉంటే మంచిది" అనేది యూనివర్సిటీ సైట్‌లో ట్రాన్స్‌ఫర్ పేజీలో కూడా చూస్కోవాలి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

మూడు యూనివర్సిటీలకి మూడు కాలమ్స్ పెట్టి స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించండి. మూడింట్లోనూ ఉన్న కోర్సులు ముందు, ఒక్కదానికే కావాల్సినవి చివర్లో.

3. కోర్సుల వరస వేస్కోండి

ఇండస్ట్రియల్‌కి మామూలుగా అడిగేవి: క్యాల్క్యులస్ సిరీస్ మొత్తం, లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, క్యాల్క్యులస్ ఆధారంగా చెప్పే ఫిజిక్స్, జనరల్ కెమిస్ట్రీ ఒకటి, ప్రోగ్రామింగ్ ఒకటి, ఇంగ్లీష్ రెండు. వీటితోపాటు క్యాంపస్‌ని బట్టి మెటీరియల్స్, స్టాటిక్స్, సర్క్యూట్స్‌లో ఒకటో రెండో. సెమిస్టర్ కాలేజ్‌లో డైరెక్ట్‌గా క్యాల్క్యులస్‌తో మొదలుపెట్టేవాళ్ళకి ముఖ్యమైన కోర్సుల వరస ఇలా వస్తుంది, ట్రాన్స్‌ఫర్‌కి కావాల్సిన 60 యూనిట్లకి తగ్గితే మధ్యలో జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులు కలుపుకోండి:

మొదటి ఫాల్: క్యాల్క్ 1, కెమిస్ట్రీ, ఇంగ్లీష్ కాంపోజిషన్.
మొదటి స్ప్రింగ్: క్యాల్క్ 2, ఫిజిక్స్ మెకానిక్స్, క్రిటికల్ థింకింగ్.
సమ్మర్: స్పీచ్, ఇంకొక జనరల్ ఎడ్యుకేషన్ (మేజర్ ఏదైనా అందరూ చదవాల్సిన) కోర్సు.
రెండో ఫాల్: క్యాల్క్ 3, ఫిజిక్స్ ఎలక్ట్రిసిటీ, ప్రోగ్రామింగ్.
రెండో స్ప్రింగ్: లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, మెటీరియల్స్ లేదా స్టాటిక్స్.

ప్రీ-క్యాల్క్యులస్ నుంచి మొదలైతే మూడేళ్ళు అనుకోండి. దాంట్లో సిగ్గేమీ లేదు, రెండేళ్ళలో ఈడ్చి సీ గ్రేడ్లు తెచ్చుకునేకంటే మూడేళ్ళలో ఏ గ్రేడ్లు తెచ్చుకోవడం నయం. ఆ మూడో ఏడాది పెద్ద ఖర్చు కూడా కాదు, కాలిఫోర్నియా రెసిడెంట్‌కి కమ్యూనిటీ కాలేజ్‌లో యూనిట్‌కి 46 డాలర్లు. పెళ్ళిళ్ళలో "అదేంటి, కమ్యూనిటీ కాలేజా?" అని దీర్ఘాలు తీసే అంకుల్స్‌కి చెప్పండి, చివరికి చేతికొచ్చే పట్టా మీద యూనివర్సిటీ పేరే ఉంటుందని.

ఇక్కడ జాగ్రత్తలు, ఒక్కొక్కటీ ఎవరో ఒకరు దెబ్బతిన్నాక తెలిసినవే:

క్యాల్క్యులస్ అని పేరుంటే చాలదు, బిజినెస్ క్యాల్క్యులస్ ఇంజనీరింగ్‌కి చెల్లదు. ఫిజిక్స్ కూడా అంతే, డి ఆన్జా కమ్యూనిటీ కాలేజ్‌లో ఫిజిక్స్ 4 సిరీస్ ఇంజనీర్లకి, ఫిజిక్స్ 2 సిరీస్ ఆల్జీబ్రాతో చెప్పేది. సీటు దొరకలేదని రెండోదాంట్లో చేరితే యూనిట్లు వస్తాయి, మేజర్‌కి పనికిరాదు.

స్టాటిస్టిక్స్ విషయంలో ఇండస్ట్రియల్ వాళ్ళు ప్రత్యేకంగా మోసపోతారు. ఈ మేజర్ అంతా ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ మీదే నడుస్తుంది కదా అని కమ్యూనిటీ కాలేజ్‌లో స్టాట్స్ తీసేస్తారు. అక్కడ దొరికేది మామూలుగా క్యాల్క్యులస్ లేని స్టాట్స్. యూనివర్సిటీలో అడిగేది క్యాల్క్యులస్‌తో చెప్పే ఇంజనీరింగ్ స్టాట్స్, చాలాచోట్ల అది అప్పర్ డివిజన్, అంటే మూడో, నాలుగో ఏడాది కోర్సు, కమ్యూనిటీ కాలేజ్‌లో ఎంత వెతికినా ఉండదు. అసిస్ట్‌లో స్పష్టంగా కనపడితే తప్ప స్టాట్స్ జోలికి పోవద్దు.

సిరీస్ మధ్యలో కాలేజ్ మారొద్దు. డి ఆన్జా, ఫుట్‌హిల్ క్వార్టర్ కాలేజీలు (ఏడాదిని రెండు సెమిస్టర్లు కాకుండా చిన్న క్వార్టర్లుగా నడిపేవి), అక్కడ క్యాల్క్యులస్ నాలుగు ముక్కలు. సెమిస్టర్ కాలేజీల్లో మూడు. సగం ఇక్కడ సగం అక్కడ చేస్తే మధ్యలో ఒక టాపిక్ రెండుసార్లో, అసలు ఒక్కసారి కూడా కాకుండానో పోతుంది, "అండ్" షరతు కూడా విరిగిపోతుంది.

లీనియర్ ఆల్జీబ్రాని ఆఖరికి నెట్టొద్దు. కొన్ని క్యాంపస్‌లు అది లేకపోయినా అడ్మిషన్ ఇస్తాయి, కానీ అక్కడికెళ్ళాక ఆపరేషన్స్ రీసెర్చ్ కోర్సుకి అదే ప్రీ-రిక్విజిట్ (ముందే పూర్తిచేసి ఉండాల్సిన కోర్సు) అయితే, ఆ కోర్సు ఫాల్‌లో మాత్రమే చెప్తుంటే, దాని మీద ఇంకో రెండు కోర్సులు ఆధారపడి ఉంటే, ఏడాది పోయినట్టే. ప్రోగ్రామింగ్ కూడా అంతే, ఒక క్యాంపస్ పైథాన్ అడుగుతుంది, ఇంకోటి సీ++ అడుగుతుంది, చూసి తీస్కోండి.

4. స్పీచ్ క్లాస్ మర్చిపోకండి

దీనికి విడిగా నంబర్ ఎందుకిచ్చానంటే నేను పడ్డ గుంట ఇదే. సీఎస్‌యూకి వెళ్ళాలంటే నాలుగు కోర్సులు తప్పనిసరి, గోల్డెన్ ఫోర్ అంటారు: రైటింగ్, క్రిటికల్ థింకింగ్, ఓరల్ కమ్యూనికేషన్, మ్యాథ్స్. నాలుగింట్లోనూ కనీసం సీ మైనస్ ఉండాలి, ఫాల్ అడ్మిషన్ కావాలంటే ఆ ముందు స్ప్రింగ్ అయ్యేలోపే పూర్తవ్వాలి. నేను ఫిజిక్స్, మ్యాథ్స్ అన్నీ చేసేసి, నలుగురి ముందు నిల్చుని మాట్లాడాలంటే భయమేసి స్పీచ్‌ని వాయిదా వేస్కుంటూ పోయాను, ఆఖరి స్ప్రింగ్‌లో చూస్తే అన్ని సెక్షన్లూ ఫుల్. వెయిట్‌లిస్టులో పదకొండో నంబర్. చివరికి వేరే ఊరి కాలేజ్‌లో శనివారం క్లాస్ దొరికింది, పొద్దున్నే గంటన్నర డ్రైవ్. మీరు మొదటి సమ్మర్‌లోనే వదిలించుకోండి.

జనరల్ ఎడ్యుకేషన్ మొత్తం పూర్తి చెయ్యాలా అని అడుగుతారు. 2025 ఫాల్ నుంచి కొత్తగా చేరినవాళ్ళకి ఐజెట్‌సీ అనే పాత జనరల్ ఎడ్యుకేషన్ కోర్సుల లిస్టు బదులు కాల్-జెట్‌సీ అనే కొత్త లిస్టు వచ్చింది. ఇంజనీరింగ్ వాళ్ళకి మేజర్ కోర్సులే ముందు, దీన్ని పూర్తి చెయ్యడం కోసం ఫిజిక్స్ వాయిదా వెయ్యొద్దు. అలాగే ఇంగ్లీష్ లాంటి కొన్ని కోర్సుల పేర్లు మారి సీ1000 నంబర్లు వచ్చాయి, అన్ని కాలేజీల్లో ఒకటే నంబర్ ఉండాలని. మీ సీనియర్ ఇచ్చిన లిస్టులో పాత పేరుంటే కంగారుపడకండి.

5. యూనిట్లు, జీపీఏ మీరే లెక్కేస్కోండి

జూనియర్‌గా, అంటే డిగ్రీ మూడో ఏడాదిలో చేరాలంటే 60 సెమిస్టర్ యూనిట్లు, అంటే 90 క్వార్టర్ యూనిట్లు. క్వార్టర్ యూనిట్లని మూడింట రెండొంతులు చేస్తే సెమిస్టర్ యూనిట్లు. అంటే క్వార్టర్ కాలేజ్‌లో 60 చేసి అయిపోయిందనుకుంటే మీ దగ్గరున్నవి నిజానికి 40. కమ్యూనిటీ కాలేజ్ నుంచి లెక్కలోకి తీస్కునేది మహా అయితే 70 సెమిస్టర్ యూనిట్లు, అంతకు మించినవాటికి సబ్జెక్ట్ క్రెడిట్ వస్తుంది గానీ యూనిట్లు కలవవు, కాబట్టి ఎక్కువైనాయని భయపడక్కర్లేదు.

జీపీఏకి యూనిట్లతో గుణించాలి, ఊరికే సగటు తియ్యకూడదు. ఉదాహరణకి క్యాల్క్యులస్ 4 యూనిట్లు ఏ, ఫిజిక్స్ 4 యూనిట్లు బీ, ఇంగ్లీష్ 3 యూనిట్లు ఏ, స్పీచ్ 3 యూనిట్లు సీ. 16, 12, 12, 6 కలిపితే 46, దాన్ని 14తో భాగిస్తే 3.29. ట్రాన్స్‌ఫర్ కాని కోర్సుల గ్రేడ్లు ఇందులో కలపొద్దు. యూసీకి కనీసం 2.4, కాలిఫోర్నియా రెసిడెంట్లు కానివాళ్ళకి 2.8 అని రాసుంటుంది, అది గేటు వరకే, బర్క్‌లీ ఇంజనీరింగ్‌కి దానికి చాలా పైన ఉండాలి. శాన్ హోసే స్టేట్ లాంటి చోట మేజర్‌వారీగా పాత ఏళ్ళ కటాఫ్‌లు సైట్‌లోనే పెడతారు, అవి చూస్తే మీ స్థాయి ఎక్కడుందో తెలుస్తుంది.

బీ వచ్చింది, ఏ కోసం మళ్ళీ రాస్తా అంటే కుదరదు. డీ, ఎఫ్, డబ్ల్యూ (మధ్యలో వదిలేస్తే పడేది) వస్తేనే రిపీట్, అదీ మొత్తం మూడు ప్రయత్నాలే. మేజర్ కోర్సులకి పాస్/నో పాస్ పెట్టుకోవద్దు, లెటర్ గ్రేడే కావాలి.

6. అప్లికేషన్

యూసీకి, సీఎస్‌యూకి వేర్వేరు సైట్లు. రెండింట్లోనూ ఫాల్ కోసం అక్టోబర్ 1 నుంచి సబ్మిట్ చెయ్యొచ్చు, నవంబర్ నెలాఖరుకి అటూ ఇటూగా మూస్తారు, ఆ ఏడాది తేదీ సైట్‌లో చూస్కోండి. ఆఖరి రాత్రి సైట్ నత్తలా నడుస్తుంది, ఒక వారం ముందే కొట్టేయండి. యూసీకి క్యాంపస్‌కి 80 డాలర్లు, ఇంటర్నేషనల్ వాళ్ళకి 95, సీఎస్‌యూకి 70. ఫీజు మాఫీకి అర్హత ఉందేమో అప్లికేషన్‌లోనే అడుగుతుంది.

యూసీకి నాలుగు చిన్న వ్యాసాలు, ఒక్కోటి 350 పదాల లోపు. మేజర్‌కి ఎలా సిద్ధమయ్యారు అనేది తప్పనిసరి, మిగతా మూడూ వాళ్ళిచ్చిన ప్రశ్నల్లోంచి మీరే ఎంచుకుని రాయాలి. మనవాళ్ళు "చిన్నప్పటినుంచి నాకు ఇంజనీరింగ్ అంటే ప్రాణం" అని మొదలెడతారు, ఆపండి. మీరు పనిచేసిన గ్రాసరీ స్టోర్‌లో శనివారం సాయంత్రం క్యూ ఎందుకు పెరిగేది, ఏం మారిస్తే తగ్గింది, గోడౌన్‌లో బియ్యం బస్తాలు ఎక్కడ పెడితే ఎన్ని అడుగులు తగ్గాయి, ఇలాంటివి రాయండి. ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ అంటే అదే మరి. పార్ట్‌టైమ్ ఉద్యోగం చెప్పుకోడానికి నామోషీ అనుకునే చోటే మీ దగ్గర అసలు సరుకుంది.

సీఎస్‌యూ అప్లికేషన్‌లో ప్రతీ కోర్సు చేత్తో ఎక్కించాలి. ట్రాన్‌స్క్రిప్ట్ పక్కన పెట్టుకుని అచ్చం అలాగే ఎక్కించండి, డబ్ల్యూలు, రిపీట్‌లు కూడా. గోల్డెన్ ఫోర్‌కి ఏ కోర్సో విడిగా గుర్తుపెట్టమంటుంది, అది ఖాళీగా వదిలేస్తే కోర్సు చేసినా చెయ్యనట్టే లెక్క.

7. జనవరిలో నిద్రపోవద్దు

అప్లికేషన్ కొట్టేశాం, ఇక ఏప్రిల్ దాకా ఏమీ లేదు అనుకుంటారు. యూసీకి జనవరిలో ట్రాన్స్‌ఫర్ అకడమిక్ అప్‌డేట్ నింపాలి, ఫాల్ గ్రేడ్లు, స్ప్రింగ్ ప్లాన్ అందులో చెప్పాలి, జనవరి నెలాఖరు గడువు. మెయిల్ స్పామ్‌లో పడి ఇది మిస్సయినవాళ్ళున్నారు. స్ప్రింగ్‌లో ఏదైనా కోర్సు డ్రాప్ చేసినా, మార్చినా వెంటనే యూనివర్సిటీకి చెప్పండి. అడ్మిషన్ ఇచ్చేదే మీరు చెప్పిన కోర్సులు పూర్తి చేస్తారన్న షరతు మీద.

8. వీసా, రెసిడెన్సీ సంగతి

హెచ్4 (హెచ్1బీ వాళ్ళ భార్యాభర్తలు, పిల్లలకిచ్చే వీసా) మీద ఉన్నవాళ్ళు కాలిఫోర్నియాలో రెసిడెంట్ ఫీజుకి అర్హులయ్యే వీలుంది, ఎఫ్1 (స్టూడెంట్ వీసా) వాళ్ళకి లేదు. కమ్యూనిటీ కాలేజ్‌లో రెసిడెంట్ అయ్యారు కదా అని యూనివర్సిటీ దానంతటదే ఒప్పుకోదు, అక్కడ మళ్ళీ ఫామ్ నింపి, ఏడాదికి పైగా ఇక్కడే ఉన్నట్టు కాగితాలు చూపించాలి. హెచ్4 వాళ్ళకి 21 నిండితే ఆ స్టేటస్ పోతుంది, సరిగ్గా ట్రాన్స్‌ఫర్ అయ్యే టైమ్‌కే వస్తుందది, పుట్టినరోజు చూస్కుని ఏడాది ముందే లాయర్‌తో మాట్లాడండి. ఎఫ్1కి మారితే ఫీజు లెక్క కూడా మారుతుంది, ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.

ఎఫ్1 మీదున్నవాళ్ళు టర్మ్‌కి 12 యూనిట్లకి తగ్గొద్దు, ఆన్‌లైన్ క్లాస్ ఆ లెక్కలోకి ఒక్కటే వస్తుంది. సెవిస్ (స్టూడెంట్ వీసా వివరాలుండే ప్రభుత్వ సిస్టమ్) రికార్డ్ పాత కాలేజ్ నుంచి కొత్తదానికి పంపే తేదీ మీరే చెప్పాలి, ఎక్కడికెళ్ళాలో ఖాయం చేస్కున్నాకే చెప్పండి, ఆ తేదీ దాటాక పాత కాలేజ్ చేతిలో ఏమీ ఉండదు, అక్కడి ఆన్-క్యాంపస్ ఉద్యోగం కూడా ఆ రోజుతో ఆఖరు. ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) లిస్టులో ఉంది, డిగ్రీ అయ్యాక ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పనిచేసే అనుమతి) పొడిగింపుకి మేజర్ వల్ల ఇబ్బంది రాదు.

టెక్సస్ వాళ్ళకి

మీకు అసిస్ట్ లేదు, కానీ కామన్ కోర్స్ నంబర్లున్నాయి, ఒకరకంగా మీదే సుఖం. క్యాల్క్యులస్ మ్యాథ్ 2413, 2414, 2415, ఫిజిక్స్ 2425, 2426, ఏ కమ్యూనిటీ కాలేజ్‌లోనైనా ఇవే. టెక్సస్ ఏ అండ్ ఎం, యూటీ ఆర్లింగ్టన్, యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌లలో ఇండస్ట్రియల్ ఉంది. ఏ అండ్ ఎం కొన్ని కమ్యూనిటీ కాలేజీలతో కలిసి ఇంజనీరింగ్ అకాడమీలు నడిపింది, మీ దగ్గర ఇప్పుడు ఉందేమో ముందు చూడండి. ఒక్క హెచ్చరిక, టెక్సస్ పబ్లిక్ కాలేజీలన్నీ కలిపి డిగ్రీ మొత్తంలో ఆరు కోర్సులకి మించి డ్రాప్ చెయ్యనివ్వరు, కమ్యూనిటీ కాలేజ్‌లో డ్రాప్ చేసినవీ అందులో కలుస్తాయి.

9. చేరాక మొదటి నెలలో చెయ్యాల్సిన చెకింగ్

అఫీషియల్ ట్రాన్‌స్క్రిప్ట్‌లు అన్ని కాలేజీల నుంచీ వెళ్ళాయా అని పోర్టల్‌లో చూడండి, సమ్మర్‌లో ఒక్క కోర్సు చేసిన పక్క ఊరి కాలేజ్‌ది కూడా. తర్వాత డిగ్రీ ఆడిట్ (డిగ్రీకి ఏ కోర్సులు అయ్యాయి, ఏవి మిగిలాయి అని చూపించే పేజీ) తెరిచి మీ స్ప్రెడ్‌షీట్ పక్కన పెట్టుకుని ఒక్కో లైన్ పోల్చండి. మేజర్ కింద పడాల్సిన కోర్సు ఎలెక్టివ్ కింద పడి ఉంటే అక్కడ పట్టుకోవాలి. అసిస్ట్‌లో సమానమని ఉన్నా ఆడిట్‌లో పడకపోతే, ఆ సంవత్సరం అగ్రిమెంట్ ప్రింట్ తీస్కెళ్ళి అడ్వైజర్‌కి చూపిస్తే మామూలుగా సరిచేస్తారు. అసిస్ట్‌లో లేనిదైతే సబ్‌స్టిట్యూషన్ పిటిషన్ (ఆ కోర్సు బదులు నేను చదివింది ఒప్పుకోండి అనే దరఖాస్తు) పెట్టాలి, అప్పుడు వాళ్ళడిగేది మీరు ఆ కోర్సు చదివిన టర్మ్ సిలబస్. మొదట్లో ఫోల్డర్ పెట్టమన్నది దీనికే. ప్రొఫెసర్ రిటైరైపోయి, కాలేజ్ సైట్ మారిపోయి, రెండేళ్ళనాటి సిలబస్ కోసం తిరిగేవాళ్ళని చూశాను. వారాలవారీ టాపిక్స్, టెక్స్ట్‌బుక్ పేరు, ల్యాబ్ గంటలు మూడూ ఉన్న సిలబస్ ఇవ్వండి, ఒక్క పేజీ కోర్స్ డిస్క్రిప్షన్ ఇస్తే తిప్పి పంపేస్తారు. పిటిషన్ రెండో సెమిస్టర్ రిజిస్ట్రేషన్ తెరిచేలోపే పెట్టండి, లేకపోతే సిస్టమ్ ప్రీ-రిక్విజిట్ లేదని తర్వాతి కోర్సులో చేరనివ్వదు.